నాలుగో లేన్‌లో మునిగిన అమ్మాయి

శృంగవరపుకోట బస్టాండు ఎదురుగా, జిరాక్సు షాపు మేడ మీద ఉంది చిన్నమ్మలు డిటెక్టివ్ ఆఫీసు. ఆ సోమవారం ఉదయం ఆఫీసు తెరవడానికి వచ్చిన రమణికి మెట్ల మీద ఇద్దరు కూర్చుని కనిపించారు. ఒకామెకు నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకు మూడు పోగులు, ఒళ్ళో బట్టల సంచి. రెండో మనిషి పదిహేడేళ్ళ అమ్మాయి. వెడల్పాటి భుజాలు, కొలను మందునీళ్ళకి ఎర్రబారిన జుట్టు. తల గోడకి ఆనించి, కళ్ళు తెరిచే ఉన్నా ఎటూ చూడకుండా కూర్చుంది.

పెద్దామె లేచి నిలబడింది. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు.

"మా గుంట కల్లు తాగలేదమ్మా," అంది.

వాళ్ళెవరో రమణికి వెంటనే తెలిసిపోయింది. బస్సులో చదివిన పేపరు ఇంకా ఆమె సంచిలోనే ఉంది. కల్లు మత్తులో ఫైనల్‌కి దిగి, విదేశీ జట్ల ముందు అకాడమీ పరువు తీసిన ఏజెన్సీ అమ్మాయి అంటూ పెద్ద అక్షరాల్లో వేశారు. అది చదివిన దగ్గర్నుంచీ రమణి పళ్ళు బిగించుకునే ఉంది. పాచిపెంట కొండల్లో పుట్టి విజయనగరంలో లా చదివిన మనిషి ఆమె. ఆ 'ఏజెన్సీ అమ్మాయి' అన్న మాటని జనం ఏ గొంతుతో అంటారో చెవులారా విన్నది. కాలేజీ హాస్టల్లో ఎవరి వస్తువు కనబడకపోయినా ముందు ఆమె పెట్టే తెరిపించేవారు.

పది నిమిషాల్లో చిన్నమ్మలు వచ్చింది. యాభై నాలుగేళ్ళు, పొట్టి మనిషి, నేతచీర కింద కాన్వాసు బూట్లు. పోలీసుల వేలిముద్రల విభాగంలో ఇరవయ్యేళ్ళు పనిచేసి, పై అధికారి చెప్పిన చోట సంతకం పెట్టనని బయటికొచ్చేసింది. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్న రమణికి ఆమె గొంతు పెంచగా విన్న గుర్తు లేదు. వచ్చినవాళ్ళకి టీ తెప్పించి, వాళ్ళు తాగేదాకా ఊరుకుని, అప్పుడు సంగతేమిటని అడిగింది.

పెద్దామె పేరు సోములమ్మ. డొంకరాయి జలాశయం పక్కన ఊరు. కూతురు గంగ ఆ నీళ్ళలోనే ఈత నేర్చుకుంది. నాలుగేళ్ళ కిందట అరకులోని ఈత అకాడమీ వాళ్ళు చూసి, హాస్టల్లో చేర్చుకుని, బ్రెస్ట్ స్ట్రోక్‌లో పెట్టారు. మనవాళ్ళు కప్ప ఈత అంటారే, అది. ఈ వారం అదే అకాడమీలో ఎనిమిది దేశాల జట్లతో అంతర్జాతీయ ఆహ్వాన పోటీలు జరుగుతున్నాయి. నిన్న ఉదయం పదిన్నరకి మహిళల రెండు వందల మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ ఫైనల్. యాభై మీటర్ల కొలనులో నాలుగు పొడవులు. గంగది నాలుగో లేన్. మూడు పొడవులు ముగిసేసరికి అందరికన్నా ముందుంది. నాలుగో పొడవులో, ఇంకా ముప్పై అయిదు మీటర్లుందనగా చేతులు ఆడలేదు. మునిగిపోయింది. కోచ్ బాలాజీ దూకి పైకి లాగాడు. ఫిజియో గదిలో పడుకోబెడితే ఒంటి మీది స్వెట్టర్ గుప్పున కల్లు కంపు కొట్టింది. అంతే. రక్తం తీసి చూసినవాడు లేడు. మత్తు దిగేదాకా పడుకోనిచ్చి, సాయంత్రానికి సంచీ చేతికిచ్చి గేటు బయట నిలబెట్టారు. బుధవారం పదకొండింటికి కమిటీ కూర్చుని గంగ పేరు శాశ్వతంగా కొట్టేస్తుంది. ఆ తరవాత ఏ జట్టూ తీసుకోదు.

"ఆ స్వెట్టరేదీ?" అంది చిన్నమ్మలు.

బస్సులో కంపు భరించలేక సోములమ్మ దాన్ని పాలిథిన్ సంచిలో కట్టేసింది. ఉతకలేదు. చిన్నమ్మలు ఆ మూట అందుకుని, ముడి విప్పకుండానే బీరువాలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నిన్న లేచిన కాణ్ణించి నోట్లో ఏటేటి ఎట్టుకున్నావు?"

ఆరింటికి తల్లి తెచ్చిన రాగి అంబలి తాగానని గంగ చెప్పింది. అదే క్యానులోది తల్లీ తాగింది, ఆమెకేమీ కాలేదు. తరవాత కుళాయి నీళ్ళు, తన సీసాలో తానే పట్టుకుంది. హాస్టల్ టిఫిను ముట్టుకోలేదు. ఇంకేమీ లేదా అని చిన్నమ్మలు రెండోసారి అడిగితే గుర్తొచ్చింది.

"తేనె. ప్రతి రేసుకీ ముందు ఒక చెంచాడు. అమ్మ తెస్తాది. లాకర్లో ఉంటాది. నిన్న కొంచెం చేదు తగిలింది గానీ, కొండతేనె ఒక్కోసారి అలాగే ఉంటాదని మింగేశాను."

లాకర్లన్నీ కొలను పక్క వరండాలో ఉంటాయి. తాళాలు ఆఫీసు గోడకి వేలాడతాయి. ఎవరైనా తీసుకోవచ్చు. చెంచా మాత్రం గంగ తన రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. అదింకా సంచిలోనే ఉంది.

చిన్నమ్మలు లేచి నిలబడింది. గంటలోగా గంగ రక్తం, మూత్రం, ఆ చెంచా మూడూ సీలు వేసి విశాఖ లేబొరేటరీకి వెళ్ళిపోయాయి. రిపోర్టు మంగళవారం సాయంత్రానికి ఇస్తామన్నారు.

"బేగి పదండి," అంది చిన్నమ్మలు. "కొండెక్కుదాం."

*

జీపు ఘాట్ రోడ్డెక్కాక గంగ రమణి పక్కకి జరిగి కూర్చుంది. ఆఫీసులో చెప్పని సంగతి అప్పుడు చెప్పింది.

హాస్టల్లో చిన్నపిల్లలు ఆరుగురుండేవారు. అందరూ కొండ ఊళ్ళవాళ్ళే. ఆర్నెల్లుగా వారానికోసారి వాళ్ళకి ఇంజక్షన్లు. విటమిన్లంటారు. వేసేది హాస్టల్ నర్సు నాగలక్ష్మి. పోటీలకి వెళ్ళేవాళ్ళకి వెయ్యరు, వాళ్ళకి ఒంట్లో బలం మందులున్నాయా అని చూసే డోపు పరీక్షలుంటాయి గనుక. ఆ ఆరుగురిలో పద్నాలుగేళ్ళ కనక అనే పిల్లది గంగ గదే. మూడు నెలల్లో దాని గొంతు మగపిల్లాడి గొంతులా మొరటుబడింది. తరవాత కాళ్ళు వాచాయి, కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని చెప్పి ఇంటికి పంపేశారు.

"ఎక్కడుంది ఇప్పుడు?" అంది రమణి.

"మీ పాచిపెంట వైపే, అక్కా. కొండమీద ఊరు."

గంగ ఇదంతా కాగితం మీద రాసిపెట్టుకుంది. ఫైనల్లో మొదటి ముగ్గురినీ డోపు పరీక్ష గదిలోకి పిలుస్తారు. అక్కడ బయటి దేశం అధికారులుంటారు. వాళ్ళ చేతికే ఆ కాగితం ఇవ్వాలనుకుంది. ఈ సంగతి ఇద్దరికి చెప్పింది. ఒకరు కోచ్ బాలాజీ సార్, ఇంకొకరు తనతోపాటు ఫైనల్ ఈదిన భానుశ్రీ. సార్ భుజం తట్టి, ధైర్యంగా ఇవ్వమన్నాడు. కాగితం లాకర్లోనే ఉండేది గనుక, రోజూ వాటిని తుడిచే నాగలక్ష్మి కూడా చూసి ఉండొచ్చు. ఇప్పుడది కనబడడం లేదు.

ముందు సీట్లోంచి చిన్నమ్మలు వెనక్కి తిరగలేదు గానీ, విన్నదని తెలుస్తూనే ఉంది.

"ఆ నర్సే, మేడం," అంది రమణి. "ఇంకెవరు? నేరుగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంటాను."

"పట్టుకుందువు గానిలే. ముందు ఒక్క మాట ఆలోచించు. గెలవకుండా సెయ్యాలంటే మత్తుమందు చాలు కదా. మళ్ళీ ఆ కల్లెందుకు?"

కోపంలో రమణి ఆ ప్రశ్నని అక్కడే వదిలేసింది.

*

అకాడమీ అధిపతి గణపతిరావు గేటు దగ్గరే ఎదురయ్యాడు. భారీ మనిషి, మెడలో పోటీల గుర్తింపు కార్డు, వెనక ఇద్దరు గార్డులు. గంగని లోపలికి రానివ్వనన్నాడు. ఎనిమిది దేశాల ముందు తలదించుకున్నానన్నాడు. వీళ్ళకి పుట్టగానే పాలకి బదులు కల్లే పోస్తారని, ఎంత నేర్పినా అంతేనని కూడా అన్నాడు.

రమణి ఒక్క అడుగు ముందుకేసింది.

"ఆ మాట ఎస్సై గారి ముందు ఇంకోసారి అనండి. దాని మీద ఏ సెక్షన్ పడుతుందో నేను చదువుకున్నాను."

గణపతిరావు మొహం కందగడ్డలా అయింది. చిన్నమ్మలు మధ్యలోకొచ్చి, నిన్న ఆ పిల్ల మీ కొలనులో చచ్చిపోయి ఉంటే ఇప్పుడు మనం మాట్లాడే చోటు వేరేగా ఉండేదని మెల్లిగా చెప్పింది. అతను పక్కకి తప్పుకున్నాడు. కమిటీ మాత్రం అన్న టైముకే కూర్చుంటుందని, చెప్పేదేమైనా ఉంటే అక్కడే చెప్పమని అన్నాడు.

ముందు లాకర్ తెరిచారు. కాగితం లేదు. తేనె సీసా ఉంది, ముప్పావు వంతు నిండుగా. సోములమ్మ మూత తీసి, వెలుతురుకి పట్టుకుని, వేలితో కొంచెం నాలిక్కి రాసుకుంది.

"సీసా మాదే. తేనె మాది కాదు," అంది. "మాది పల్చగా, నల్లగా ఉంటాది. మూత తీస్తే నురగ పొంగుతాది. ఇది బెల్లప్పాకంనాగ సాగతంది. షాపు తేనె."

రమణి కూడా చూసి అవునంది. చిన్నమ్మలు సీసాకి సీలు వేసింది.

బాలాజీ వాళ్ళని తన గదిలో కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ళ వయసు, మెత్తటి గొంతు. చలికి మంచిదని వేణ్ణీళ్ళలో నిమ్మకాయ పిండి, తేనె కలిపి ఇచ్చాడు. గంగ పేరెత్తగానే అతని కళ్ళు చెమర్చాయి. నాలుగేళ్ళు కన్నకూతురిలా చూసుకున్నానన్నాడు.

"ఆ క్షణంలో ఏం ఆలోచిస్తామండీ? వేసుకున్న బట్టల్తో ఉన్నపళంగా దూకేశాను. చిన్నపిల్ల. వాళ్ళ ఇళ్ళలో అది తప్పు కాదు, పండగలకి అందరూ తాగుతారు. పేరు కొట్టెయ్యకండి, జాలితో వదిలెయ్యండని నేనే గణపతిరావు గారిని బతిమాలుతున్నాను."

జేబులో ఫోను మోగితే తీసి చూసి, కట్ చేసి మళ్ళీ పెట్టుకున్నాడు. గంగని ఫిజియో గదికి ఎత్తుకెళ్ళింది తానేనని, నాగలక్ష్మిని డాక్టరు కోసం పంపానని, వాళ్ళు వచ్చాకే వెళ్ళి తడిబట్టలు మార్చుకున్నానని చెప్పాడు. ఇంజక్షన్ల మాట చిన్నమ్మలు ఎత్తలేదు. బయటికొచ్చాక రమణికి అతని మీద కూడా ఒళ్ళు మండింది. గణపతిరావు తిట్టాడు, ఇతను జాలిపడ్డాడు. ఆ జాలే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

నాగలక్ష్మి ప్రశ్నలు మొదలవకముందే ఏడ్చింది. ఇంజక్షన్లు వేసింది తానే. విటమిన్లేనని నమ్మింది. ఎవరు వెయ్యమన్నారంటే మాత్రం నోరు మెదపలేదు. తనకి చెప్పిన పని చేశానని, ఉద్యోగం పోతే పిల్లల్ని ఎలా పెంచాలని, అదే పాట. రమణి బల్ల గుద్దింది. చిన్నమ్మలు ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

భానుశ్రీ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. గంగ మునిగాక మొదట గోడ తాకింది ఆమే, బంగారు పతకం ఆమెకే వచ్చింది. ఇద్దరూ నాలుగేళ్ళుగా పక్కపక్క లేన్లలో ఈదినవాళ్ళు. పతకం ఏదని అడిగితే సొరుగు చూపించింది.

"చూడబుద్ధి కావట్లేదండీ. మూడో మలుపు దగ్గర నాకన్నా ఒక మనిషి పొడవు ముందుంది. కల్లు తాగినవాళ్ళు అలా ఈదగలరా? నేను అదే మాట సార్‌తో అంటే, నువ్వు నీ పతకం సంగతి చూసుకో అన్నారు."

గంగ రాసిన కాగితం సంగతి తనకు తెలుసనీ, ఎవరికీ చెప్పలేదనీ అంది. రేసు అయిన దగ్గర్నుంచీ పతకాలిచ్చేదాకా ఆమె కొలను ఒడ్డునే, జనం మధ్యే ఉంది.

చివరికి నేపాల్ జట్టు అమ్మాయి సోని దొరికింది. మూడో లేన్‌లో ఈదింది ఆమె. వచ్చీరాని హిందీలో రమణి అడిగింది, ఆమె జవాబు చెప్పింది. రేసుకి ముందు ఇరవై నిమిషాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గంగ ఒంటి మీద ఆ స్వెట్టరే ఉంది. రెండుసార్లు ఆవలించింది. వాసన మాత్రం ఏమీ లేదు. దూకే ముందు స్వెట్టర్ తీసి లేన్ వెనక బుట్టలో పడేసింది. మునిగాక ఒడ్డుకి లాగినప్పుడు సోనియే ఆ స్వెట్టర్ బుట్టలోంచి తీసి ఆమె మీద కప్పింది. అప్పుడూ వాసన లేదు. తన మొహం స్వెట్టర్‌కి ఆనించి, ఊపిరి ఆడుతోందా అని కూడా చూశానంది.

ఆ మాట కింద రమణి రెండు గీతలు గీసింది.

సాయంత్రం అకాడమీ ఆఫీసు కంప్యూటర్లో రేసు వీడియో చూశారు. మూడో మలుపు దగ్గర గంగ ఒక్క చెయ్యే గోడకి తగిలింది. బ్రెస్ట్ స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒకేసారి తాకాలి. నాలుగేళ్ళలో గంగ ఏనాడూ అలా తప్పు చెయ్యలేదు. ఆ తరవాత ఆ పిల్ల నీళ్ళలో కొట్టుకోవడం రమణి చూడలేకపోయింది. చిన్నమ్మలు మాత్రం వీడియోని వెనక్కి జరిపి, రెండో పొడవునే నాలుగైదుసార్లు వేయించింది. గంగ అప్పుడు హాయిగా, అందరికన్నా ముందు ఈదుతోంది. ఒడ్డున టైము చూసేవాళ్ళు, బుట్టలు మోసేవాళ్ళు, మూలన తెల్ల మేజోళ్ళతో బాలాజీ, కుర్చీల్లో పెద్దమనుషులు. అందులో అంత చూడవలసిందేముందో రమణికి అంతుపట్టలేదు. ఆ ముక్క కాపీ చేయించుకుని చిన్నమ్మలు ఇంక చాలంది.

*

బుధవారం పదకొండింటికి అకాడమీ సమావేశపు గదిలో అందరూ కూర్చున్నారు. కమిటీ పెద్దగా గణపతిరావు, పోటీల రిఫరీ, డోపు పరీక్షల అధికారి, బాలాజీ, నాగలక్ష్మి, భానుశ్రీ, సోని. తలుపు పక్కన అరకు ఎస్సై. గంగా సోములమ్మా కిటికీ వైపు కూర్చున్నారు. హాస్టల్లో మిగిలిన అయిదుగురు చిన్నపిల్లల్నీ రమణే తీసుకొచ్చి గోడ వెంబడి కూర్చోబెట్టింది. వాళ్ళెందుకని గణపతిరావు అడిగితే, చూద్దురు గానీ అంది.

చిన్నమ్మలు ల్యాబు రిపోర్టు బల్ల మీద పెట్టింది.

"గంగ రక్తంలో, మూత్రంలో నిద్రమాత్ర మందు ఉంది. ఆమె చెంచా మీద కూడా అదే మందు ఉంది, తేనెతోపాటు. లాకర్లో దొరికిన సీసాలో మాత్రం ఏ మందూ లేదు. ఎందుకంటే అందులో ఉన్నది షాపు తేనె. మందు కలిపిన కొండతేనెని పారబోసి, సీసా కడిగి, రేసు అయ్యాక ఎవరో ఇది నింపి పెట్టారు. తేనె అంతా ఒకటే అనుకున్నారు. కొండమీద బతికినవాళ్ళకి తేడా తెలుస్తాదని వాళ్ళకి తోచలేదు."

రిఫరీ రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. చిన్నమ్మలు రెండో వేలు మడిచింది.

"రెండోది, కల్లు. రేసుకి ముందు ఆ స్వెట్టర్‌కి వాసన లేదు. ఒడ్డుకి లాగాక కూడా లేదు. సోని మొహం ఆనించి చూసింది. ఫిజియో గదిలో డాక్టరు వచ్చేసరికి కంపు కొట్టింది. కొలను ఒడ్డు నించి ఆ గదికి నలభై అడుగులు. ఆ నలభై అడుగులూ, ఆ తరవాత నర్సూ డాక్టరూ వచ్చేదాకా ఆ గదిలోనూ, స్పృహ లేని పిల్ల దగ్గర ఉన్నది ఒక్కరే."

అందరి తలలూ బాలాజీ వైపు తిరిగాయి. అతను చిన్నగా నవ్వాడు.

"నేనా? ప్రాణం కాపాడింది నేనండీ."

"కాపాడారు. చంపాలన్న ఉద్దేశం మీకు లేదు, నిజమే. అందుకే ముందుగా తయారై నిలబడ్డారు." చిన్నమ్మలు ఫోను తెర రిఫరీ వైపు తిప్పింది. "ఇది రెండో పొడవు. గంగ అందరికన్నా ముందుంది. ఇంకా ఏ తప్పూ జరగలేదు. అలాంటప్పుడు ఏ కోచ్ అయినా స్టాప్‌వాచ్ చూసుకుంటాడు. ఈయన బూట్లు విప్పేసి మేజోళ్ళతో నిలబడ్డాడు. పెద్దగా చేసి చూడండి. కుర్చీ మీద ఆ బూట్లు, వాటి పక్కన వాచీ, ఫోను. ఉన్నపళంగా దూకానని నాతో చెప్పిన మనిషి జేబులోంచి మొన్న అదే ఫోను మోగింది, చుక్క నీరు తగలకుండా. ఆ పిల్ల మునుగుతాదని ఈయనకి నిమిషం ముందే తెలుసు."

బాలాజీ నవ్వు పోయింది. సీసా మార్చడానికి వీలున్నది కూడా అతనికేనని చిన్నమ్మలు చెప్పింది. డాక్టరు వచ్చాక గడిచిన పావుగంటలో భానుశ్రీ పతకాల దగ్గర, నాగలక్ష్మి డాక్టరుతో ఉన్నారు. బట్టలు మార్చుకుంటానని లాకర్ల వరండాలోకి ఒంటరిగా వెళ్ళింది ఇతనొక్కడే. అతని గదిలోని తేనె సీసాని ఎస్సై ఆ ఉదయమే స్వాధీనం చేసుకున్నాడు.

"మరి ఎందుకు?" అన్నాడు గణపతిరావు. గొంతులో మునుపటి జోరు లేదు. "గంగ గెలిస్తే ఆయనకే కదా పేరు?"

"నేనూ మొదట అక్కడే ఆగాను. గెలవకుండా చెయ్యాలంటే నిద్రమాత్ర చాలు. కల్లు పొయ్యడం అందుకు కాదు. ఈ పిల్ల ఇంక ఏం చెప్పినా ఎవరూ నమ్మకూడదు, అందుకు. ఏజెన్సీ గుంట, తాగుబోతు, దాని మాటకి విలువేటి? ఆ మాట అనడానికి మీరు తయారుగా ఉంటారని ఆయనకి తెలుసు, గణపతిరావు గారూ. ఒక్క గ్లాసుడు కల్లు పోశాడు. మిగిలిన పనంతా మీరే సేసిపెట్టారు."

ఆ తరవాత చిన్నమ్మలు కూర్చుంది. మిగిలింది రమణిని చెప్పమంది.

రమణి లేచింది. రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేస్తుందేమోనని భయపడింది గానీ, గొంతు నిలకడగానే ఉంది. ఇంజక్షన్ల సంగతి చెప్పింది. కనక సంగతి చెప్పింది. గంగ రాసిన కాగితం, అది ఎవరి చేతికి చేరవలసిందో చెప్పింది. చెప్పి, నాగలక్ష్మి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడైనా చెప్తారా? ఈ అయిదుగురి మొహాలు చూసి చెప్పండి."

నాగలక్ష్మి గోడ వెంబడి కూర్చున్న పిల్లల్ని చూసింది. వాళ్ళలో ఒకతి దగ్గింది, బొంగురుగా, ముసలాడిలా.

"సార్ తెచ్చేవారు," అంది నాగలక్ష్మి. "సీసాల మీద కాగితాలు చింపేసి ఇచ్చేవారు. బి-ట్వెల్వ్ అన్నారు. కనక గొంతు మారినప్పుడు అడిగాను. నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను." ఆమె సంచిలోంచి కాగితం లేని రెండు ఖాళీ సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. డోపు అధికారి వాటిని చేతిరుమాలుతో అందుకున్నాడు.

అప్పుడు బాలాజీ గొంతు మారింది. మెత్తదనమంతా పోయింది.

"ఏంటండీ పెద్ద నేరం? వీళ్ళు ఎక్కడుండేవాళ్ళు? కొండల్లో మేకలు కాసుకునేవాళ్ళు. తెచ్చి, తిండి పెట్టి, ఈ కొలనులో దింపింది నేను. నాలుగేళ్ళలో దేశం తరఫున పతకాలు తెచ్చేవాళ్ళు. అన్ని దేశాల్లో చేస్తారు. ఎవరో ఒకరి మీద చూడకుండా మోతాదు ఎలా తెలుస్తుంది?"

గంగ లేచి అతని ఎదురుగా వచ్చింది.

"ఆ కాగితం మీకే మొదట చూపించాను, సార్," అంది. "అక్షరాల తప్పులు దిద్ది ఇచ్చారు."

బాలాజీ తల తిప్పుకున్నాడు. ఎస్సై వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

*

బాలాజీని తీసుకెళ్ళాక రిఫరీ గంగ పేరు కొట్టెయ్యడం లేదని, పేపర్లకి అది రాతపూర్వకంగా ఇస్తామని చెప్పాడు. రేసు ఫలితం మాత్రం మార్చడానికి వీల్లేదన్నాడు. ఈదని ముప్పై అయిదు మీటర్లకి టైము ఎవరూ వెయ్యలేరు. జాతీయ శిబిరానికి పేర్లు ఆ ఫైనల్ టైములని బట్టే వెళ్ళిపోయాయి. అంటే గంగకి ఈ ఏడాది పోయినట్టే. భానుశ్రీ పతకం తెచ్చి బల్ల మీద పెట్టింది. గంగ దాన్ని ముట్టుకోలేదు గానీ, భానుశ్రీ చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది.

గణపతిరావు గంగ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. జరిగింది జరిగిపోయిందని, వచ్చే ఏడాది ఖర్చంతా అకాడమీదేనని, ఇంజక్షన్ల సంగతి మాత్రం పేపర్లకెక్కకుండా నలుగురం కూర్చుని మాట్లాడుకుందామని అన్నాడు.

గంగ ఆ చేతుల వైపు చూసింది.

"ముందు ఈ అయిదుగురినీ ఆసుపత్రికి పంపండి," అంది. "తరవాత కనకని తేవాలి. ఆ ఊరికి బస్సు లేదు. మీ కారు ఇవ్వండి."

అతను డ్రైవరు భోజనానికెళ్ళాడని గొణిగాడు. తాళాలు అతని ఎదుటే, బల్ల మీద ఉన్నాయి. రమణి వాటిని తీసుకుంది. అతను వద్దనలేదు. అనడానికి చిన్నమ్మలు ఒక్క చూపుతో వీలు లేకుండా చేసింది.

"నువ్వు తోలుకెళ్ళు, రమణీ," అంది చిన్నమ్మలు. "ఈ గుంటల్ని నేను ఆసుపత్రిలో సూసుకుంటాను. సాలూరులో ఆగి ఏదైనా తినండి."

సోములమ్మ వెనక సీట్లో ఎక్కింది, గంగ ముందు కూర్చుంది. కొండ దిగి, సాలూరులో ఇంత తిని, ముగ్గురూ పాచిపెంట చేరారు. అక్కణ్ణించి మట్టిదారి. దారి రమణికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కనక ఊరు కనిపించేసరికి పొద్దు వాలుతోంది. మొదటి ఇంటి ముందు నులక మంచం మీద ఒక పిల్ల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కారు చప్పుడికి తల ఎత్తింది. అంత దూరం నుంచే మొహం పసుప్పచ్చగా కనిపిస్తోంది.

గంగ చెయ్యి తలుపు మీద వేసి, దిగకుండా ఒక్క క్షణం ఆగింది.

"అక్కా, వాణ్ణి పట్టుకెళ్ళారు కదా. మీకు కోపం తగ్గిందా?"

"లేదు," అంది రమణి.

"నాకూ లేదు," అని గంగ కారు దిగి, మంచం వైపు పరుగెత్తింది.